ఛారిటీ మేళాకి వెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

సేవాసంస్థల కోసం ఏడాదికోసారి జరిగే మేళాల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరికి డబ్బు గురించి అనుమానం, కొందరికి రద్దీ అంటే భయం, ఒకరిద్దరికి అసలు వెళ్లాలా వద్దా అన్నదే సందేహం. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను.

ప్రశ్న: అక్కా, మా దగ్గర ప్రతి ఏటా స్థానిక సేవాసంస్థల కోసం మేళా జరుగుతుంది. ఇంటిల్లిపాదీ వెళ్తాం, కొంటాం, పిల్లలు ఆటలాడతారు. ఇంటికొచ్చాక మాత్రం ఒకటే అనుమానం, మేం ఖర్చు పెట్టినదాంట్లో ఆ సంస్థలకి చేరేది ఎంత? అడగాలంటే మొహమాటం. వాళ్లని నమ్మట్లేదని అనుకోరూ?

జవాబు: అడగండి. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. నిజాయితీగా నడిపేవాళ్లకి ఈ ప్రశ్న వస్తే సంతోషమే, ఎందుకంటే నెలల తరబడి వాళ్లు పడిన కష్టం గురించి ఎవరో ఒకరు పట్టించుకుని అడుగుతున్నారు కదా.

కాకపోతే ఏం అడగాలో తెలియాలంటే మేళాలో డబ్బు ఎలా తిరుగుతుందో కొంచెం తెలియాలి. పక్కపక్కనే ఉన్న రెండు స్టాళ్లు చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ లెక్కలు వేరు. ఒకదాంట్లో వస్తువులన్నీ ఎవరో ఉచితంగా ఇచ్చినవి, అమ్మేవాళ్లు వాలంటీర్లు, కాబట్టి మీరిచ్చింది దాదాపు మొత్తం సంస్థకే వెళ్తుంది. రెండోది ఒక వ్యాపారి పెట్టుకున్న స్టాల్, ఆయన నిర్వాహకులకి అద్దె కడతాడు లేదా అమ్మకాల్లో కొంత వాటా ఇస్తాడు, మిగతాది ఆయన సంపాదన. ఇందులో తప్పేమీ లేదు, ఆ అద్దెలతోనే చాలా మేళాల ఖర్చు గడుస్తుంది. కానీ ఆ స్టాల్లో మీరు కొన్నది మొత్తం విరాళం అనుకుంటే పొరపాటు. "ఈ స్టాల్ ఎవరిది, ఇందులో సంస్థకి ఎంత వెళ్తుంది?" అని అక్కడికక్కడే అడిగేయొచ్చు, స్టాల్లో ఉన్నవాళ్లు రెండు ముక్కల్లో చెప్పేస్తారు.

ఇక రెండో సంగతి. మేళా అయ్యాక "ఇంత వసూలైంది" అని గొప్పగా ప్రకటిస్తారు చూడండి, అది చాలాసార్లు ఖర్చులు తీయకముందు లెక్క. మైదానం అద్దె, టెంట్లు, కరెంటు, మైకులు, సెక్యూరిటీ, ఇన్సూరెన్స్, పోస్టర్లు, చివర్లో చెత్త ఎత్తించే ఖర్చు, ఇవన్నీ పోగా మిగిలిందే సంస్థలకి అందేది. వసూలు భారీగా ఉండి చివరికి చేతికి కొంచెమే వచ్చిన మేళా ఉండొచ్చు, చిన్నగా జరిగి ఎక్కువ మిగిల్చినదీ ఉండొచ్చు. కాబట్టి "ఎంత వచ్చింది" అని కాకుండా "ఖర్చులు పోను పోయినేడు ఏ సంస్థకి ఎంత ఇచ్చారు" అని అడగండి. బాగా నడిపే కమిటీ దగ్గర ఈ అంకె సిద్ధంగా ఉంటుంది, కొందరైతే గేటు దగ్గర బోర్డు మీదే రాసి పెడతారు. చెప్పడానికి తడబడుతున్నా, "అవన్నీ పెద్దవాళ్లు చూసుకుంటారు" అని దాటేస్తున్నా, ఆ సంవత్సరం గేటు టికెట్‌తో సరిపెట్టుకుని మీరు ఇవ్వాలనుకున్నది నేరుగా సంస్థ ఆఫీసులోనే ఇవ్వండి.

ఖర్చు ఎంత తక్కువైతే అంత మిగులుతుందనడానికి చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. అమెరికా అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు గాయపడిన సైనికుల సహాయం కోసం శానిటరీ ఫెయిర్లు అని పెట్టారు. 1863లో షికాగోలో జరిగిన దాన్ని ముందుండి నడిపించింది మేరీ లివర్‌మోర్, జేన్ హోగ్ అనే ఇద్దరు మహిళలు. ఇళ్ల నుంచి, పొలాల నుంచి, వర్క్‌షాపుల నుంచి వస్తువులు విరాళంగా తెప్పించి అమ్మారు. అధ్యక్షుడు లింకన్‌ని కూడా ఏదైనా ఇవ్వమని అడిగితే ఆయన బానిస విమోచన ప్రకటన రాతప్రతినే పంపించేశారు, అది 3,000 డాలర్లకి అమ్ముడుపోయింది. (ఆ కాగితం తర్వాత 1871లో షికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, తలుచుకుంటే ఇప్పటికీ బాధే.) మరుసటి ఏడాది న్యూయార్క్‌లో జరిగిన మేళాలో 10 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. 1864లో అది ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోండి. కొనితెచ్చి అమ్మిన సరుకుతో అంత మిగలదు, జనం ఊరికే ఇచ్చిన వస్తువులూ ఊరికే చేసిన పనీ ఉండబట్టే సాధ్యమైంది. ఇప్పటి చిన్న మేళాకైనా ఇదే లెక్క.

ప్రశ్న: మేళాలో బేరం ఆడొచ్చా?

జవాబు: విరాళంగా వచ్చిన వస్తువుల స్టాల్లో వద్దండీ. ధర ఎక్కువనిపిస్తే కొనకండి, అంతే. సాయంత్రం మూసేవేళకి వాళ్లే తగ్గించి అమ్ముతారు, మిగిలినవన్నీ మళ్లీ మోసుకెళ్లడం వాళ్లకీ కష్టమే కాబట్టి అప్పుడు తీసుకుంటే ఇద్దరికీ మంచిది. మంచి వస్తువు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి, తక్కువకి కావాలంటే చివర్లో వెళ్లాలి. ఇంకో మాట, చిల్లర తీసుకెళ్లండి. ఫోన్‌తో కట్టే సౌకర్యం ఉన్నా వేలమంది ఒకేచోట ఉంటే సిగ్నల్ సరిగ్గా అందదు, పొద్దున తెరవగానే ఏ స్టాల్లోనూ చిల్లర ఉండదు.

ప్రశ్న: లక్కీ డ్రా టికెట్లు, వేలం పాటలు, ఇవన్నీ ఎందుకు? ఇచ్చేదేదో నేరుగా విరాళంగా ఇస్తే సరిపోదా? దానం పేరుతో జూదం ఆడించినట్టు అనిపిస్తుంది నాకు.

జవాబు: మీకు అలా అనిపిస్తే టికెట్ కొనకుండా హుండీలో వేయండి, ఎవరూ తప్పు పట్టరు. అయితే ఈ పద్ధతి ఇన్నేళ్లుగా నిలబడటానికి కారణం ఉంది. ఊరికే ఇవ్వమంటే చాలామంది "ఇంకెవరో ఇస్తార్లే" అనుకుంటారు, బహుమతి ఉందంటే ఆ అలసత్వం కొంత తగ్గుతుంది. జాన్ మోర్గాన్ అనే ఆర్థికవేత్త 2000లో ప్రచురించిన పరిశోధన పత్రంలో సరిగ్గా ఇదే విశ్లేషించారు, అందరికీ పనికొచ్చే పనికి డబ్బు పోగు చేయాలంటే ఊరికే చందా అడగడం కంటే బహుమతి పెట్టిన లాటరీతో ఎక్కువ వస్తుందని. నిర్వాహకులకి ఆ పత్రం సంగతి తెలియకపోయినా అనుభవంతో ఈ విషయం తెలుసు.

టికెట్ కొనేముందు మాత్రం ఒకసారి తిప్పి చూడండి. ఎవరు నిర్వహిస్తున్నారు, డ్రా ఎప్పుడు, బహుమతి ఏంటి అన్నవి రాసి ఉండాలి. ప్రజలకి టికెట్లు అమ్మి డ్రా తీయాలంటే చాలా దేశాల్లో అనుమతి కావాలి, దానికి నిబంధనలు ఉంటాయి. ఏమీ అచ్చు వేయని రంగు కాగితం ముక్క చేతిలో పెడితే నేనైతే తీసుకోను. పన్ను మినహాయింపు ఆశతో కొంటున్నవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి, చాలాచోట్ల లాటరీ టికెట్‌ని విరాళంగా లెక్కించరు. వస్తువు కొన్నప్పుడు కూడా చాలా దేశాల్లో దాని అసలు విలువ తీసేసి, పైన ఎక్కువ ఇచ్చింది ఏదైనా ఉంటే దాన్నే విరాళం అంటారు. రసీదు కావాలనుకుంటే నేరుగా ఇవ్వడమే సులువు, అక్కడ మీ మాట కరెక్టే.

వేలం గురించి ఒక్క సలహా. కాగితం మీద పేరు, మొత్తం రాసే సైలెంట్ ఆక్షన్ అయితే ఎంతవరకు వెళ్లాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్లండి. పక్కవాళ్లు మన పేరు కింద ఇంకో అంకె రాయగానే పౌరుషం వచ్చేస్తుంది. మనసుకి నచ్చిన సంస్థ కోసమైతే కొంచెం ఎక్కువైనా పర్వాలేదు కానీ, ఇంటికి వెళ్లాక ఎందుకు రాశానా అని బాధపడేంత వద్దు.

ప్రశ్న: మా అమ్మగారు చక్రాల కుర్చీలో ఉంటారు, పిల్లలు చిన్నవాళ్లు. అమ్మకి మేళా చూడాలని ఎంతో ఆశ. నాకేమో ఆ జనాన్ని తలుచుకుంటేనే టెన్షన్. తీసుకెళ్లమంటారా?

జవాబు: తీసుకెళ్లండమ్మా, తప్పకుండా తీసుకెళ్లండి. పెద్దవాళ్లు అడిగేదే తక్కువ. అయితే టైము మీరు ఎంచుకోవాలి. తెరిచిన మొదటి గంటలో జనం పలచగా ఉంటారు, స్టాళ్ల వాళ్లు కూడా ఓపిగ్గా మాట్లాడతారు. ముందురోజు నిర్వాహకులకి ఫోన్ చేసి మైదానం గడ్డినేలా, గట్టి నేలా, చక్రాల కుర్చీ పట్టే టాయిలెట్ ఉందా, బండి గేటు దాకా వస్తుందా అని కనుక్కోండి. వర్షం పడి నేల మెత్తబడితే మాత్రం చక్రాలు దిగబడిపోతాయి, అలాంటి రోజు ఇంకో మనిషి తోడు లేకుండా వెళ్లొద్దు.

మీ టెన్షన్‌ని నేను తేలిగ్గా తీసుకోను. 1897 మే 4న పారిస్‌లో బజార్ ద లా షారితే అనే మేళా జరుగుతోంది, ఏటా జరిగే పెద్ద దాతృత్వ సంత అది. చెక్కతో కట్టిన షెడ్డు, లోపలంతా రంగులు వేసిన గుడ్డల అలంకరణ. అప్పట్లో కొత్త వింత అయిన సినిమా ప్రదర్శన కూడా పెట్టారు. ఆ ప్రొజెక్టర్ దీపానికి వాడే ఈథర్ అంటుకుని నిమిషాల్లో షెడ్డంతా మంటలు వ్యాపించాయి. 120 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మంచిపనికి వచ్చినవాళ్లు, స్టాళ్లలో నిలబడి అమ్ముతున్నవాళ్లు. బయటికి వెళ్లే దారులు సరిగ్గా కనపడకపోవడం, అందరూ ఒక్కసారిగా తోసుకోవడం ప్రాణనష్టాన్ని ఇంకా పెంచాయి.

భయపెట్టడానికి చెప్పట్లేదు. ఇప్పుడు నిర్వాహకులు అగ్నిమాపక నిబంధనలు పాటించాలి, అనుమతులు తీసుకోవాలి. కానీ మన వంతు కూడా ఉంది కదా. లోపలికి వెళ్లగానే వచ్చిన దారి కాకుండా ఇంకో దారి ఎటు ఉందో చూసుకోండి, కుర్చీ పట్టేంత వెడల్పు ఉందో లేదో కూడా. టెంటులో జనం మరీ ఒత్తుకుంటుంటే కాసేపు బయటే ఉండండి, స్టాల్ ఎక్కడికీ పోదు. పిల్లలకి తప్పిపోతే ఎక్కడికి రావాలో చూపించండి, పెద్దదిగా కనిపించే గుర్తు ఏదైనా సరే. మీ ఫోన్ నంబరు పిల్లల చేతిమీద పెన్నుతో రాయండి. వాలంటీర్లు వేసుకునే చొక్కా లేదా బ్యాడ్జి ఏ రంగులో ఉందో చూపించి, దారి తప్పితే అలాంటివాళ్ల దగ్గరికే వెళ్లమని చెప్పండి. ఇంత చేశాక ఇక అమ్మగారితో నిదానంగా తిరగండి.

ప్రశ్న: ఇంట్లో పాత బట్టలు, బొమ్మలు, కొన్ని కరెంటు సామాన్లు ఉన్నాయి. మేళాకి ఇద్దామనుకుంటున్నాను. ఏవి తీసుకుంటారు?

జవాబు: ఇచ్చేముందు ఒక్కటే చూసుకోండి, అదే వస్తువు అక్కడ కనిపిస్తే మీరు డబ్బులిచ్చి కొంటారా? కొనను అనిపిస్తే ఇవ్వొద్దు. చిరిగినవి, మరకలు పడ్డవి, ముక్కలు పోయిన పజిళ్లు అమ్ముడుపోవు, చివరికి వాటిని పారేయించే ఖర్చు కూడా ఆ సంస్థ మీదే పడుతుంది. సాయం చేద్దామని ఇచ్చి భారం వేసినట్టు అవుతుంది. కరెంటు వస్తువులు ఎలక్ట్రీషియన్ చూసి బాగుందని చెబితే తప్ప చాలామంది తీసుకోరు, ముందే అడగాలి. వాడిన హెల్మెట్లు, కారులో పిల్లలకి పెట్టే సీట్లు అస్సలు ఇవ్వకండి. వాటికి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందేమో పైకి చూస్తే తెలియదు, తగిలి ఉంటే అవసరానికి కాపాడలేవు. బట్టలు ఉతికి మడిచి, సైజు చీటీ పెట్టి, వాళ్లు చెప్పిన తేదీకి ముందే అందించండి. మేళా పొద్దున గేటు దగ్గర సంచులు దించి వెళ్లిపోతే వాటిని వేరుచేసే తీరిక అప్పుడు ఎవరికీ ఉండదు.

ప్రశ్న: అక్కా, నేను కాలేజీలో చదువుతున్నా. మేళాకి వెళ్లాలని ఉంది కానీ చేతిలో డబ్బులు ఉండవు. ఏమీ కొనకుండా తిరిగితే బాగోదేమోనని ఎప్పుడూ వెళ్లలేదు.

జవాబు: తమ్ముడూ, నువ్వు వెళ్లాలి. ఏమీ కొనకుండా తిరిగినా నిన్ను ఎవరూ ఏమీ అనరు. అసలు ఆ సంస్థలు స్టాళ్లు పెట్టేది అమ్మడానికి మాత్రమే కాదు, వాళ్లు ఏం పని చేస్తున్నారో నలుగురికీ తెలియాలని కూడా. మిగతా రోజుల్లో వాళ్ల ఆఫీసు ఎక్కడుందో కూడా మనకి తెలియదు, ఆ ఒక్కరోజు మాత్రం చూపులేని పిల్లలకి చదువు చెప్పేవాళ్లు, ఒంటరి వృద్ధుల్ని చూసుకునేవాళ్లు, రక్తదానం చేయించేవాళ్లు అంతా ఒకేచోట దొరుకుతారు. ఒక స్టాల్ దగ్గర ఆగి "మీకు ఇప్పుడు అన్నిటికంటే కష్టంగా ఉన్న పని ఏంటి?" అని అడిగి చూడు. డబ్బు అని చెప్పేవాళ్లు ఉంటారు, మనుషులు అని చెప్పేవాళ్లూ ఉంటారు, వారానికి రెండు గంటలు వచ్చి కంప్యూటర్లో లెక్కలు ఎక్కించేవాళ్లు లేక అవస్థ పడుతున్నాం అనేవాళ్లూ ఉంటారు.

మేళా రోజున సాయం చేయాలనుకుంటే మధ్యాహ్నం వేళ మనుషులు బాగానే దొరుకుతారు, అసలు కొరత తెల్లవారుజామున టేబుళ్లు వేసేటప్పుడు, రాత్రి అంతా సర్దేటప్పుడు. ఆ సమయాలకి పేరు ఇవ్వు. డబ్బు తీసుకునే చోట కూర్చోబెడితే ఒంటరిగా ఒప్పుకోకు, లెక్కపెట్టేటప్పుడు ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. అది నీ మీద నమ్మకం లేక పెట్టిన నియమం కాదు, రేపు లెక్క తేడా వస్తే నీ మీద మాట పడకుండా ఉండటానికి. ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా రాగలవో స్పష్టంగా రాసి కమిటీకి ఇప్పుడే పంపించు, పనుల జాబితా వాళ్లు కొన్ని వారాల ముందే వేసుకుంటారు.