రెండు వేల వ్యాసాలు, ఏ సాఫ్ట్‌వేర్?

ప్రశ్న: రొయ్యల తెల్లమచ్చ వ్యాధి పరిశోధనల మీద సమగ్ర సమీక్ష చేస్తున్నాను. 2,300 వ్యాసాలు పోగయ్యాయి. వాటిలో పనికొచ్చేవి ఏరడానికి వాడే రయ్యాన్, కోవిడెన్స్, ఏఎస్‌రివ్యూ సాఫ్ట్‌వేర్లలో దేన్ని నమ్మాలో తేలక టెన్షన్‌గా ఉంది.
– పరిశోధక విద్యార్థిని, భీమవరం

జవాబు: పేరు చూసి ఎంచుకోకండమ్మా, మీ వ్యాసాలతోనే పరీక్షించండి. ఓ 200 వ్యాసాలు మీరే చదివి, పనికొచ్చేవి వేరుచేయండి. తర్వాత వాటినే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి చూడండి. ఎంత సమయం మిగిల్చిందన్నది తర్వాత. పనికొచ్చేవాటిలో ఎన్ని జారవిడిచిందో ముందు లెక్కపెట్టండి.

డూప్లికేట్లు, అంటే రెండుసార్లు చేరిన ఒకే వ్యాసం, తీసేసే దగ్గర మరీ జాగ్రత్త. నా సమీక్షలో ఒకే శీర్షికతో భాగం 1, భాగం 2గా వచ్చిన వ్యాసాలను ఒకటే అనుకుని ఒక టూల్ రెండోదాన్ని తీసేసింది. అమలాపురంలో మా అరుగు మీద కూర్చుని ప్రింట్లతో సరిచూస్తుంటే బయటపడింది. అప్పటికే నెల గడిచింది! తీసేసే ముందు రెండింటినీ పక్కపక్కన చూపించే టూలే తీసుకోండి.

మీ రొయ్యతో ఇంకో చిక్కుంది. దాని శాస్త్రీయ నామాన్ని కొందరు పెనేయస్ వన్నామై అని రాస్తారు, కొందరు లిటోపెనేయస్ వన్నామై అని. రెండు పేర్లతోనూ వెతికారా? వెతకనిదాన్ని ఏ టూలూ తెచ్చిపెట్టదు.

ఇద్దరు విడివిడిగా చూసి తేల్చుకోవడానికి రయ్యాన్, కోవిడెన్స్ రెండూ అనువే. కోవిడెన్స్‌కి డబ్బు కట్టాలి. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఏఎస్‌రివ్యూ ఉచితం. మీ నిర్ణయాల నుంచి నేర్చుకుని, పనికొచ్చేలా ఉన్నవాటిని ముందుకు తెస్తుంది. చూడడం ఎక్కడ ఆపాలో మాత్రం మీరే ముందుగా రాసిపెట్టుకోవాలి.

సమీక్షను ఎలా రాయాలో చెప్పే ప్రిస్మా 2020 మార్గదర్శకాల ప్రకారం, పూర్తిగా చదివి వదిలేసిన వాటికి కారణాలు చూపాలి. ఆ కారణాలతో సహా జాబితా టూల్ నుంచి బయటికొస్తుందో లేదో మొదటిరోజే పది వ్యాసాలతో చూసుకోండి.