సర్వే లేకుండా బడిలో కూర్చుని చూస్తే పరిశోధన అవుతుందా?

అనంతపురంలో ఎం.ఎడ్. చేస్తూ, అంకెలు లేకుండా బడిని గమనించి డిసర్టేషన్ రాయొచ్చా అని అడిగారు. నిక్షేపంగా రాయొచ్చు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర రాంపుర అనే ఊళ్లో మకాం పెట్టి చేసింది ఇలాంటి పనే.

కళ్యాణదుర్గం వైపు శనక్కాయలు పీకే రోజుల్లో కొందరు పిల్లలు బడికి రారనుకోండి. హాజరు పట్టీ 'ఆబ్సెంట్' అని ఊరుకుంటుంది. ఎవరు కూలికి వెళ్లారు, ఎవరు ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకున్నారు, తిరిగొచ్చాక సార్ ఏమన్నారు అన్నది అక్కడుంటేనే తెలుస్తుంది. నోట్స్ మాత్రం ఆ రాత్రికే రాసేయండి. చూసింది ఒక పక్క, మీకనిపించింది ఇంకో పక్క. హెడ్మాస్టరు, తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి. పిల్లల పేర్లు మార్చండి.

వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, "శాంపిల్ ఎంత? ఎంతమందిని చూశారు?" అంటే టెన్షన్ వద్దు. ఆ బడినే ఎందుకు ఎంచుకున్నారో చెప్పండి.