నార్వే తీరంలో సైకిల్ యాత్రకు బయలుదేరే ముందు

చి. ల. సౌ. స్రవంతికి, చి. కార్తీక్‌కు మీ పెదనాన్న ఆశీస్సులు.

మీరు పంపిన యాత్రా ప్రణాళికను నేనూ మీ పెద్దమ్మా శ్రద్ధగా చదివాము. స్టైన్‌షేర్ నుంచి బోడో వరకు 17వ నంబరు తీర రహదారి మీద దాదాపు 650 కిలోమీటర్లను, రోజుకు 95 చొప్పున వారంలో ముగించి, మిగిలిన సెలవును లోఫోటెన్ దీవుల్లో గడపాలని రాశారు. దారి చక్కగా ఎంచుకున్నారు గాని, లెక్క మాత్రం నాకు నచ్చలేదు. మీరిద్దరూ నెదర్లాండ్స్‌లో రోజూ సైకిల్ తొక్కేవారే, కాదనను. అయితే అక్కడ నేల చదును, దారి పొడవునా సైకిళ్లకు ప్రత్యేకమైన బాట, ఏ ఊరు చూసినా పది కిలోమీటర్ల లోపే. ఇక్కడ రోడ్డు సముద్రమట్టం నుంచి లేచి, ఒక కొండభుజం ఎక్కి, మళ్లీ సముద్రమట్టానికే దిగుతుంది; టెంటు, వంటసామాను, తడిబట్టలు మోస్తూ ఆ పని రోజుకు నాలుగైదు సార్లు చేయవలసి వస్తే 60 కిలోమీటర్లు కూడా తక్కువేమీ కాదు. కనుక లోఫోటెన్‌ను ఈసారికి వదిలేసి, ఉన్న సెలవంతా ఈ రహదారికే కేటాయించండి. జూలైలో లోఫోటెన్ ప్రధాన రహదారి క్యాంపర్ వ్యాన్లతో నిండిపోయి, పక్కన సైకిల్ తొక్కేవారికి ఊపిరాడనివ్వదు. అందచందాల మాటకొస్తే మీరు ఎంచుకున్న హెల్గెలాండ్ తీరం దానికి ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం.

ఈ దారిలో మీ రోజును నిర్ణయించేది కిలోమీటర్లు కాదు, ఫెర్రీల వేళలు. రహదారి ఆరుచోట్ల సముద్రం దగ్గర ఆగిపోయి, అవతలి ఒడ్డున మళ్లీ మొదలవుతుంది. హోల్మ్ నుంచి వెన్నెసుండ్, హోర్న్ నుంచి ఆండల్స్‌వోగ్, ఫొర్‌విక్ నుంచి షొట్టా, లెవాంగ్ నుంచి నెస్నా, కిల్‌బోగ్‌హామ్న్ నుంచి యెక్ట్‌విక్, ఓగ్‌స్కార్డెట్ నుంచి ఫొరొయ్: ఇవీ ఆ ఆరు రేవులు. వీటిలో కొన్ని తరచుగా నడుస్తాయి. షొట్టా, యెక్ట్‌విక్ ఫెర్రీల వంటివి రోజుకు కొద్దిసార్లే. ఒకటి తప్పిపోతే రేవులో రెండు మూడు గంటలు చలిగాలిలో నిలబడాలి. కనుక ముందురోజు రాత్రే ఎంటూర్ యాప్‌లో మరునాటి ఫెర్రీ వేళ చూసుకుని, రేవుకు పది కిలోమీటర్ల లోపల టెంటు వేసుకోండి. పొద్దున తీరికగా వెళ్లి ఎక్కవచ్చు. పడవలో వెచ్చని గది ఉంటుంది, కాఫీ దొరుకుతుంది, చేతి తొడుగులు ఆరబెట్టుకోవచ్చు. కిల్‌బోగ్‌హామ్న్ ఫెర్రీ సుమారు గంటసేపు వెళుతుంది, ఆర్కిటిక్ వలయాన్ని అందులోనే దాటుతారు. ఒడ్డున భూగోళం ఆకారంలో చిన్న గుర్తు కనిపిస్తుంది, ఆ సమయానికి లోపల కునుకు తీయకండి.

దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లాలన్న మీ నిర్ణయం సరైనదే. వేసవిలో ఈ తీరాన ఎక్కువ రోజులు నైరుతి గాలి వీస్తుంది, అది మీ వీపును తోస్తుంది. ఎదురుగాలి రోజులు రావని మాత్రం అనుకోకండి. అటువంటి రోజు పట్టుదలకు పోకుండా 30 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోవడానికి వీలుగా ప్రణాళికలో రెండు ఖాళీ రోజులు ఉంచుకోండి. అవి మిగిలిపోతే బ్రొన్నొయ్‌సుండ్ దగ్గర టోర్గ్‌హాటెన్ కొండకు వెళ్లండి. 160 మీటర్ల పొడవున కొండను ఒకవైపు నుంచి మరోవైపుకు తొలిచినట్టున్న రంధ్రంలో నడిచి, అవతల సముద్రాన్ని చూడవచ్చు.

మీ నాన్న ఫోనులో ఎలుగుబంట్లుంటాయా అని అడిగాడు. తమ్ముడి భయం తీర్చడం నా వల్ల కాలేదు గాని, మీకు చెబుతున్నాను: భయపడవలసినవి రెండే, సొరంగాలూ తడీ.

సొరంగాల సంగతి ముందు చెబుతాను. లోపలికి వెళ్లాక లారీ చప్పుడు గోడలకు తగిలి అంతటా ఒకేలా మోగుతుంది. అది ముందు నుంచి వస్తోందో వెనుక నుంచి వస్తోందో చెవికి తెలియదు. అందుకే ప్రవేశద్వారం దగ్గర ఆగి, ఇద్దరూ మెరిసే పసుపు కోట్లు తొడుక్కుని, వెనుక ఎర్రదీపాలు వెలుగుతున్నాయో లేదో ఒకరివి ఒకరు చూసి, నల్లద్దాలు తీసేసి, అప్పుడు లోపలికి వెళ్లండి. సొరంగం లోపల పక్కపక్కన తొక్కవద్దు. మాటలేవైనా ఉంటే బయటికి వచ్చాకే. కొన్ని సొరంగాల్లోకి సైకిళ్లను అసలు అనుమతించరు. మీ దారిలో అటువంటిది ఏడున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న స్వార్టిసెన్ సొరంగం. మీ పటంలో గీత దాని గుండానే పోతోంది, సరిదిద్దుకోండి. ఫొరొయ్ దాటాక వాస్‌డాల్స్‌విక్ రేవు నుంచి ఓర్నెస్‌కు వెళ్లే పడవ ఎక్కితే సొరంగాన్ని తప్పించుకున్నట్టే. స్వార్టిసెన్ హిమానీనదాన్ని దగ్గరగా చూడాలనుకుంటే మాత్రం పడవ ఎక్కేముందు హోలాండ్ వరకు వెళ్లి, చూసుకుని వెనక్కి రండి. ఒక పూట ఖర్చయినా చూడదగ్గది.

ఇక తడి. ఇక్కడ జూలైలో కూడా పగటి వేడి 12, 15 డిగ్రీల దగ్గరే ఉండే రోజులు ఎన్నో. ఆ వేడిలో చెమటా వానా కలిసి బట్టలు తడిసి, గాలి తోడైతే అరగంటలో వణుకు పట్టుకుంటుంది. నూలు బట్టలు తేవద్దు, తడిస్తే ఆరవు. ఒంటికి అంటుకునేది సన్నని ఉన్ని బనియను, పైన మంచి రెయిన్ కోటు, అంతే. రాత్రి పడుకునే జత ఒకటి నీళ్లు చొరబడని సంచిలో వేరుగా కట్టి, ఎంత తడిసినా పగలు దాని జోలికి పోకండి. పొద్దున ఆ పొడిబట్టలు విప్పి మళ్లీ నిన్నటి చల్లని తడిబట్టలు తొడుక్కోవడం అన్నిటికన్నా కష్టమైన పని; పది నిమిషాలు తొక్కితే ఒళ్లు వెచ్చబడుతుంది. ప్రతి మూడు నాలుగు రోజులకు ఒకసారి క్యాంపింగ్ స్థలంలోని చిన్న చెక్క గది అద్దెకు తీసుకుని సామానంతా ఆరబెట్టుకోండి. అది దుబారా అని కార్తీక్ అంటాడేమో, వినవద్దు స్రవంతీ.

టెంటు ఎక్కడ వేయవచ్చునో 1957 నాటి చట్టమే చెబుతోంది: సాగులో లేని భూమిలో, మనుషులుండే ఇంటికి కనీసం 150 మీటర్ల దూరంలో ఎవరినీ అడగకుండా వేసుకోవచ్చు, ఒకేచోట రెండు రాత్రులకు మించి ఉండాలంటే మాత్రం యజమాని అనుమతి కావాలి. పచ్చగా, చదునుగా, పచ్చికబయలులా కనిపించే నేల చాలాచోట్ల పశువుల మేత పండించే పొలం. కోతకు ముందున్న పొలంలో ఎవరైనా వచ్చి పడుకుంటే మన ఊళ్లో రైతు ఏమంటాడో, ఇక్కడి రైతూ అదే అంటాడు, కాస్త మెల్లగా. తీరంలో మట్టి పొర పలుచన, అడుగున రాయి, మేకులు దిగవు. కనుక పొడవైన తాళ్లు తెచ్చుకుని పెద్ద రాళ్లకు కట్టండి, టెంటు వెనుక వైపును గాలికి పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు అడవిలోనూ అడవి పక్కనా నెగళ్లు నిషేధం. జూలై మొదటి వారం దాకా బోడోలో సూర్యుడు అస్తమించడు, ఆ తరువాత కూడా చాలా రోజులు చీకటి పడదు. కళ్లకు కట్టుకునే గుడ్డ మరచిపోవద్దు.

తిండి విషయంలో మీ పెద్దమ్మ మాటే నా మాట. బొంబాయి రవ్వను ఇంట్లోనే దోరగా వేయించి, ఆవాలు, శనగపప్పు, ఎండుమిరప, కరివేపాకు తాలింపు పెట్టి, ఉప్పు కలిపి, ఇద్దరికి ఒక పూటకు సరిపడా పొట్లాలు కట్టుకోండి. గాలిలో వణికే స్టవ్వు మీద అన్నం వండితే గ్యాస్ అయిపోతుంది గాని అన్నం ఉడకదు. ఈ పొట్లానికి మరిగే నీళ్లు చాలు, ఐదు నిమిషాల్లో ఉప్మా అవుతుంది. దుకాణాల్లో లీటరు డబ్బాల్లో దొరికే కుల్తూర్‌మెల్క్ కాస్త చిక్కని మజ్జిగలా ఉంటుంది, కందిపొడి అన్నానికీ ఉప్మాకీ చక్కగా నప్పుతుంది. ఆదివారం పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే రెండు రోజుల సరుకు కొనండి. గ్యాస్ డబ్బాలు విమానంలో తేనివ్వరు, ట్రోండ్‌హైమ్‌లో కొని ఉంచుతాను. మీ స్టవ్వు మర బిగించే రకమేనా, రాయండి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. చర్చి పక్కన శ్మశానాల్లో పూలమొక్కలకు నీళ్లు పోసేందుకు కుళాయిలుంటాయి, మన వాళ్లు ముఖం చిట్లించినా నీళ్లు మంచివే.

మీరిద్దరూ కలిసి వెళ్తున్నారు కనుక ఇంకొక మాట. కార్తీక్ కాళ్లలో బలం ఎక్కువ. కాబట్టి టెంటు, వంటసామాను అతని సైకిల్ మీద, బట్టలు, స్లీపింగ్ బ్యాగులు స్రవంతి సైకిల్ మీద ఉండాలి. గాలి ఎదురైతే అతను ముందు, మిగతా వేళల్లో స్రవంతి ముందు. వెనుకనున్నవారు ముందున్నవారి వేగానికి ఒదగడం తేలిక, ముందుకు దూసుకుపోయిన మనిషిని గంటసేపు తరుముకుంటూ రావడం కోపానికి మొదలు. ఎవరికి ముందు చలేస్తే, ఎవరికి ముందు ఆకలేస్తే వారి మాటే చెల్లాలి, రెండో వారు వాదించకూడదు. సాయంత్రం ఆరు తరువాత దారి గురించిన నిర్ణయాలేవీ వద్దు, తిన్నాక మాట్లాడుకోండి.

బోడోకు 30 కిలోమీటర్ల ముందు సాల్ట్‌స్ట్రౌమెన్ వస్తుంది. సుమారు 150 మీటర్ల వెడల్పున్న ఆ జలసంధిలో ఆటుపోట్ల నీరు సుడులు తిరుగుతూ, ఆరు గంటలకొకసారి దిశ మారుతుంది. ప్రవాహం ఉద్ధృతంగా ఉండే వేళ ముందే తెలుసుకుని వెళ్లండి, లేకపోతే మామూలు నీళ్లే చూసి వస్తారు.

బోడో నుంచి ట్రోండ్‌హైమ్‌కు తిరుగు రైలు సుమారు పది గంటల ప్రయాణం. అందులో సైకిళ్లకు చోటు పరిమితం, దానికి వేరుగా టికెట్టు తీసుకోవాలి. ఈ ఉత్తరం అందిన వారంలోనే రెండు సైకిళ్లకూ చోటు ఖాయం చేసుకోండి. వచ్చేటప్పుడు ట్రోండ్‌హైమ్ విమానాశ్రయం ముంగిట్లోనే స్టేషన్ ఉంది గాని, నేరుగా స్టైన్‌షేర్ రైలెక్కకుండా ముందు మా ఇంటికి రండి. సైకిల్ అట్టపెట్టెలు మా షెడ్డులో పెట్టి వెళితే తిరుగు ప్రయాణానికి పనికొస్తాయి. కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించాడో లేదో కార్తీక్‌ను ఇప్పుడే అడుగు.

ఇట్లు,
మీ పెదనాన్న