మ్యాపు నిండా నాయిసే వస్తోందని అమ్మాయి పరిశోధన వద్దంటోంది

ప్రశ్న: మాది బరంపురం, మగ్గం పని. మా అమ్మాయి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది. పట్టు ఫిల్మును వేడిచేస్తూ ఎఫ్‌టీఐఆర్ స్పెక్ట్రాలు (పదార్థం ఏ పరారుణ కాంతిని ఎంత పీల్చుకుందో చూపే గ్రాఫులు) తీసి, టూడీ కొరిలేషన్ మ్యాపులు (వాటిలో ఏ మార్పు దేనితో ముడిపడి ఉందో చూపే పటాలు) గీయడం ప్రాజెక్టు. మ్యాపంతా నాయిస్ (అసలు సిగ్నల్‌ను కప్పేసే గజిబిజి) అని, పరిశోధన తనకు చేతకాదని, ఎమ్మెస్సీ కాగానే బీఈడీలో చేరతానని టెన్షన్ పడుతోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: బీఈడీ మంచి చదువే. కానీ నాయిస్‌కు భయపడి అందులో చేరడం నాకు నచ్చలేదు. శాస్త్రవేత్త ఇసావో నోడా 1993లో ఈ టూడీ కొరిలేషన్ పద్ధతిని అన్ని రకాల స్పెక్ట్రాలకూ విస్తరించారు. వాడినవాళ్లందరికీ ఈ చిక్కు ఎదురయ్యేదే. రెండు పీకులు (గ్రాఫులో పైకి లేచే శిఖరాలు) కలిసి మారితే సింక్రోనస్ మ్యాపులో కనిపిస్తాయి, ఒకటి ముందూ ఒకటి వెనకా మారితే అసింక్రోనస్‌లో. ఈ రెండోదాంట్లో సిగ్నల్ చాలాసార్లు చిన్నదిగా ఉండి నాయిస్‌లో మునిగిపోతుంది.

కింది మాటలు అమ్మాయికి చూపించండి.

అమ్మా, ముందు నీ నాయిస్ ఏ రకమో చూడు. సగటు కోసం మళ్లీ మళ్లీ తీసే స్కాన్లు 32 నుంచి 128కి, అంటే 4 రెట్లు పెంచితే, సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 2 రెట్లే పెరుగుతుంది. అది కూడా ఇష్టమొచ్చినట్టు ఎగిరిపడే నాయిస్‌కే. గాలిలో తేమ సంగతి వేరు. పట్టు ప్రొటీన్ ఆకృతిని చెప్పే అమైడ్-1 బ్యాండు 1600, 1700 వేవ్‌నంబర్ల (స్పెక్ట్రం అడ్డగీత మీది కొలత) మధ్య ఉంటుంది. నీటి ఆవిరి సన్నటి గీతలు కూడా అక్కడే పడతాయి. అవన్నీ కలిసికట్టుగా పెరిగి తగ్గుతాయి కాబట్టి ఎన్ని స్కాన్లు తీసినా పోవు, మ్యాపులో అసలు పీకుల్లాగే కూర్చుంటాయి. పొడి నైట్రోజన్‌తో పరికరాన్ని బాగా పర్జ్ చెయ్యి, అంటే లోపలి తేమగాలిని బయటికి తోసెయ్యి. మూత తెరిచినప్పుడల్లా మళ్లీ స్థిమితపడేదాకా ఆగు. ఇంకా మిగిలితే, ఆవిరి స్పెక్ట్రం విడిగా తీసి, దాన్ని నీ ఫిల్ము స్పెక్ట్రంలోంచి తగ్గించు.

వానాకాలంలో పట్టు ఎలా తేమ పీలుస్తుందో మీ నాన్నగారికి తెలుసు. ఫిల్ములోని నీళ్లు కూడా 1640 దగ్గరే కనిపిస్తాయి. ముందే ఆరబెట్టకపోతే, వేడికి నీళ్లు పోవడాన్నే ప్రొటీన్ మార్పు అనుకుంటావు. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా ఆగి స్కాన్ చెయ్యి.

లెక్కలు ఆ తర్వాతే. గరుకు గీతను నునుపు చేసే 1964 నాటి సావిట్జ్కీ-గోలే స్మూతింగ్ అతిగా వాడితే పీకులు వెడల్పయిపోతాయి, పక్కపక్కనున్నవి కలిసిపోతాయి. పీసీఏ (డేటాలోని మార్పులను పెద్దవాటి నుంచి చిన్నవాటి వరకు విడగొట్టే లెక్క) చేసి మొదటి 2, 3 కాంపోనెంట్లతోనే డేటాను తిరిగి కట్టడం మేలని నా ఉద్దేశం. అయితే పారేసిన వాటిలో అసలు మార్పేదైనా పోయిందేమో చూసుకో. ఏం చేసినా, కొత్త ఫిల్ములతో ప్రయోగం 3 సార్లు మొదటి నుంచీ చేసి, మూడింట్లోనూ వచ్చిన పీకునే నమ్ము.

ఇక మీకు. పరిశోధనకు ఫెలోషిప్ ఇచ్చే జాతీయ పరీక్ష సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ ఆఖరి ఏడాదిలోనే రాయొచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ (ఆ ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు, మీ మీద భారం పడదు. దూరం పంపాలన్న బెంగ ఉంటే, 2016 నుంచి మీ బరంపురంలోనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. పరిశోధన వద్దనుకున్నా, పరికరం ఎక్కడ అబద్ధం చెబుతోందో పసిగట్టగల పిల్ల హైదరాబాద్ మందుల కంపెనీల అనలిటికల్ ల్యాబులకు పనికొస్తుంది. అందుకే ప్రాజెక్టును సగంలో వదలనివ్వకండి.

ఒక్క వారానికి సరిపడా నైట్రోజన్ సిలిండర్ ఇప్పించమని గైడును అడగమనండి. ఆ మ్యాపు వచ్చాక మళ్లీ రాయండి, బీఈడీ దరఖాస్తు సంగతి అప్పుడు చూద్దాం.