చేపలు మానేసి కొర్రన్నం తింటున్నా తిన్నాక షుగర్ 240 ఎందుకొస్తోంది?

మీ నాన్నగారు నీచు పూర్తిగా మానేసి, పొద్దున్న చోడంబలి (రాగి అంబలి), రెండు పూటలా కొర్రన్నం తింటున్నా భోజనమైన రెండు గంటలకి 240 వస్తోందన్నారు. ఇందులో వింతేం లేదండి. చేపలో పిండిపదార్థం దాదాపు ఉండదు. అది మానేసినంత మాత్రాన షుగర్ తగ్గదు. పైగా చేపల పులుసు పోయిన లోటుని మన వైపు అన్నంతోనే పూడ్చుకుంటారు. కొర్రల్లో పీచు ఎక్కువే గానీ, 100 గ్రాముల్లో 60 గ్రాముల పైనే పిండిపదార్థం. కంచం నిండా పెట్టుకుంటే కొర్రలైనా సోనామసూరైనా మీటరుకి పెద్ద తేడా తెలీదు.

అంబలి ఇంకా తొందరగా పెంచుతుంది. మెత్తటి చోడిపిండి, అందులో నూకలు, అదీ జావలా ఉడికించి నమలకుండా గటగటా తాగేస్తాం. దాని బదులు పెసరట్టు వెయ్యండి. మనిషికి 60 గ్రాముల పొట్టుపెసలు నాలుగైదు గంటలు నానబెట్టి అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో కొంచెం బరకగా రుబ్బాలి. కరకరలాడ్డానికి వేసే గుప్పెడు బియ్యం మానెయ్యండి. అప్పుడు పిండి ఏమాత్రం పలచనైనా అట్టు చిరుగుతుంది, అందుకే నీళ్లు తక్కువ పోసి, రుబ్బిన వెంటనే మధ్యస్థం మంట మీద వేసుకోవాలి. లోపల ఉప్మా పెట్టారా, పడిన శ్రమంతా వృథా.

మధ్యాహ్నానికి ధాన్యం, బియ్యమైనా కొర్రలైనా, వండకముందే తూచి 50 గ్రాములు. కందిపప్పో పెసరపప్పో మరో 50, గట్టిగా. నీళ్ల పప్పు పోసుకుంటే అన్నం ఎక్కువ లాగుతుంది. బీర, ఆనప, గోరుచిక్కుడు, తోటకూర, ఏదో ఒకటి పెద్ద గిన్నెడు. ముందు సగం కూర ఉత్తినే తినేసి, తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక వచ్చే షుగర్ తగ్గుతుంది.

రాత్రికి ఉలవ గుగ్గిళ్లు గానీ రాజ్‌మా గానీ. ఉలవచారు ఒక్కటే తాగితే చాలదు, గింజ తినాలి. రైతుబజారులో చింతపల్లి, పాడేరు వైపు రాజ్‌మా దొరికితే తెచ్చుకోండి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేళ్ల మధ్య మెత్తగా నలిగేదాకా కుక్కర్లో ఉడకాలి. సగం ఉడికితే వాంతులు, విరేచనాలు తప్పవు. పళ్లలో దోరజామకాయ మంచిది. జ్యూసులు ఏవీ వద్దు.

మొదటి ముద్ద దగ్గర్నుంచి రెండు గంటలు లెక్కపెట్టి మీటరు చూడండి. సాధారణంగా 180 లోపు ఉండాలంటారు. ఏ పూట ఎంత అన్నం తిన్నారో పక్కనే రాస్తే, ఎక్కడ తగ్గించాలో వారంలో తెలిసిపోతుంది.

అన్నం తగ్గించేముందు డాక్టరుకి చెప్పడం మాత్రం మరవొద్దు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూడాలి. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్లకి విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంది, గుడ్డు, పాలు కూడా మానేస్తే ఇంకా తగ్గుతుంది. ఆ పరీక్ష చేయించండి. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) ఎక్కువగా ఉంటే పైన చెప్పిన పప్పు కొలతలు వర్తించవు, కిడ్నీ డాక్టరు చెప్పినంతే.