అడ్వైజరీ పీరియడ్ గురించి అమ్మలూకి ఉత్తరం

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి ఆ హడావుడిలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "పెద్దమ్మా, టైమ్‌టేబుల్‌లో అడ్వైజరీ అని ఒక పీరియడ్ ఉంది, అందులో పాఠమేమీ చెప్పరట. ఆ టైమ్‌లో మా చిన్నోడికి లెక్కలు ఎక్స్‌ట్రా చెప్పించమని అడగనా?" అన్నావు. అడగొద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ఫోన్ చాలదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

మీరు కాలిఫోర్నియా వచ్చి రెండు నెలలు. చిన్నోడు హైదరాబాద్‌లో ఐదు పూర్తిచేసి ఇక్కడ ఆరులో చేరుతున్నాడు. ఇక్కడి మిడిల్ స్కూల్లో, అంటే ఆరు నుంచి ఎనిమిది దాకా ఉండే బడిలో, పందొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాను, అన్నేళ్లూ నా దగ్గర ఒక అడ్వైజరీ గుంపు కూడా ఉండేది. మన పిల్లలు ఎక్కడ తట్టుకుంటారో, ఎక్కడ తడబడతారో చాలా దగ్గర నుంచి చూశాను.

మన దగ్గర పిల్లలు గదిలోనే ఉంటారు, పీరియడ్ మారితే టీచర్లు మారతారు. ఇక్కడ టీచర్ గదిలో ఉంటుంది, పిల్లలే బ్యాగులు మోసుకుని గది గదికీ తిరుగుతారు. ఆరేడు పీరియడ్లు, ఆరేడుగురు టీచర్లు, మధ్యలో నాలుగైదు నిమిషాలు. ఒక్కో టీచర్ దగ్గరికి రోజుకు వంద మందికి పైగా పిల్లలు వచ్చి వెళ్తారు. లెక్కల టీచరుకు వాడి లెక్కలు తెలుసు, సైన్స్ టీచరుకు వాడి సైన్స్ తెలుసు. వాడు మొత్తంగా ఎలా ఉన్నాడో ఎవరికీ తెలియకుండానే ఏడాది గడిచిపోవచ్చు. ఐదో తరగతి దాకా రోజంతా ఒకే టీచర్ కళ్లముందు ఉన్న పిల్లవాడు ఒక్కసారిగా జనంలో కలిసిపోతాడు.

1989లో కార్నెగీ అనే ఇక్కడి దాతృత్వ సంస్థవాళ్ల కౌన్సిల్ ఒకటి ఈ వయసు పిల్లల చదువు మీద పెద్ద నివేదిక ఇచ్చింది. బడిలో ప్రతి పిల్లవాణ్ణీ బాగా ఎరిగిన పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా ఉండాలని అందులో గట్టిగా చెప్పారు. అడ్వైజరీ ఉన్నది అందుకే. కొన్ని బళ్లలో దీన్ని హోమ్‌రూమ్ అంటారు, కొన్నిచోట్ల రోజూ ఉంటుంది, కొన్నిచోట్ల వారానికి రెండుసార్లే. పేరు ఏదైనా, మీవాడి పూర్తి సంగతి తెలుసుకోవాల్సిన మనిషి ఆ గదిలో ఉంటుంది. ఆవిడ పేరు నీకు అన్నిటికంటే ముందు తెలియాలి.

అక్కడ ఏం నేర్పుతారో ఒక్క సంగతి చెబితే అర్థమవుతుంది. నా గుంపులో ఒక పిల్లవాడు ఉండేవాడు, మనవాళ్లే. లెక్కల పరీక్షల్లో చాలా బాగా రాసేవాడు, గ్రేడ్ మాత్రం సి. తల్లి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంట్లో రోజూ దగ్గర కూర్చుని హోమ్‌వర్క్ చేయిస్తున్నానని, టీచరే ఏదో పొరపాటు చేస్తోందని ఆవిడ అనుమానం. మర్నాడు అడ్వైజరీలో పిల్లలందరినీ బ్యాగులు ఖాళీ చేసి సర్దుకోమన్నాను. వాడి బ్యాగ్ అడుగున నలిగిపోయిన కాగితాల ఉండ, మీద ఎండిపోయిన అరటితొక్క. ఒక్కొక్కటీ విప్పి నేల మీద పరిచాం. నాలుగు లెక్కల షీట్లు, ఒక సైన్స్ షీటు. అన్నీ పూర్తిగా చేసినవే, ఒక్కటీ టీచర్ చేతికి ఇవ్వలేదు. "బెల్ కొట్టేస్తారు మిస్, బయటికి తీసేలోపు అందరూ వెళ్లిపోతారు" అన్నాడు తల వంచుకుని.

వాడికి లెక్కలు రాక కాదు. చేసిన పని చేతికివ్వడం అనేదొకటి నేర్చుకోవాల్సిన విషయమని మనకు తట్టదు. ఒక ఎర్ర ఫోల్డర్ ఇచ్చాను. ఎడమ జేబు ఇంటికి తీసుకెళ్లేవి, కుడి జేబు బడిలో ఇవ్వాల్సినవి. క్లాసులో కూర్చోగానే పెన్ను తీయకముందే ఫోల్డర్ తీసి డెస్కు మీద పెట్టాలి. రోజూ అడ్వైజరీలో రెండు నిమిషాలు కుడి జేబు చూసేవాళ్లం. మూడు వారాలు పట్టింది అలవాటు కావడానికి.

గ్రేడు ఎలా పడిపోతుందో నువ్వు కూడా తెలుసుకో. పది మార్కుల పనులు ఐదు ఇచ్చారనుకో. వాడికి 10, 9, 10, 9 వచ్చాయి, ఒకటి ఇవ్వలేదు కాబట్టి 0. మొత్తం 50కి 38, అంటే 76 శాతం, సి. ఆ ఒక్కటి పక్కన పెడితే 40కి 38, అంటే 95 శాతం. వాడికి ఎంత వచ్చో చెప్పేది ఆ 95. నువ్వు పోర్టల్‌లో (గ్రేడ్లు పెట్టే స్కూలు వెబ్‌సైట్‌లో) సి చూసి వెంటనే ట్యూషన్‌లో చేర్పిస్తే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది. ముందు 'మిస్సింగ్' అని ఎక్కడ ఉందో చూడు. అది కూడా వారానికి ఒకసారి, వాడి పక్కన కూర్చుని. రోజుకు పదిసార్లు ఆఫీసు నుంచి పోర్టల్ తెరిచి, వాడు ఇంటికి రాగానే "అదేంటి, ఇదేంటి" అని అడిగావంటే వాడికి ఇల్లు కూడా ఇంకో క్లాసులా అనిపిస్తుంది.

ఇక క్లాసులో చెప్పేవి. లెక్కల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. ఆరులో నిష్పత్తులు, భిన్నాల భాగహారం, రుణ సంఖ్యలు, చిన్న చిన్న సమీకరణాలు ఉంటాయి. "ఇవి మనవాడికి వచ్చేసినవే కదా" అంటావు. చేయడం వచ్చు. ముప్పావును అరతో భాగించమంటే తలకిందులు చేసి గుణించి ఒకటిన్నర అని టక్కున చెప్తాడు. ఇక్కడ అడిగేది "ఎందుకు ఒకటిన్నర? బొమ్మ గీసి చెప్పు" అని.

ఒకసారి వంటింట్లో వాణ్ణి అడిగి చూడు. ముప్పావు లీటరు పాలున్నాయి, అర లీటరు సీసాల్లో పోయాలి, ఎన్ని సీసాలు నిండుతాయి? పోయనివ్వు. ఒక సీసా నిండుతుంది, పావు లీటరు మిగులుతుంది. అప్పుడు చాలామంది పిల్లలు "ఒకటింబావు" అంటారు. సూత్రం ఒకటిన్నర చెబుతోంది, కళ్లముందు పావు కనబడుతోంది, ఏది నిజం? అక్కడ నువ్వు నోరు విప్పకు. కాసేపటికి వాడే అంటాడు, "పావు లీటరంటే అర సీసా కదా!" అని. లీటర్లలో పావు, సీసాల్లో అర. భాగించడమంటే సీసాలతో కొలవడమని వాడికి అప్పుడు తెలుస్తుంది. వందల మంది పిల్లల ముఖాల్లో ఆ క్షణం చూశాను, నాకు ఎప్పుడూ పాతబడలేదు. ఈ వివరణ రాయనందుకు మార్కులు తగ్గిస్తే "జవాబు కరెక్టే కదా" అని టీచర్ మీదకు వెళ్లకు.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ, ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్ (హైస్కూల్ బీజగణితం మొదటి కోర్సు) వస్తుందా రాదా అని. వస్తే పన్నెండుకు క్యాలికులస్ దాకా మామూలు వరసలోనే వెళ్లొచ్చు, నిజమే. తొమ్మిదిలో మొదలుపెట్టినవాళ్లకు కూడా హైస్కూల్లో కాస్త కలుపుకుని వెళ్లే దారులు చాలాచోట్ల ఉన్నాయి. మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే మీ ప్రాంతం బళ్లను నడిపేవాళ్ల దగ్గర, ఎలా ఉందో బడిలో కౌన్సిలర్‌ని అడుగు, గ్రూపులో అడగకు. పునాది లేకుండా తోసిన పిల్లలు ఏడో తరగతి మధ్యలో లెక్కలంటేనే భయపడటం చూశాను. ఆ భయం పోగొట్టడానికి ఏడాది దాటి పట్టేది.

సోషల్‌లో ఇక్కడ ఆరో తరగతికి ప్రాచీన నాగరికతలు. మెసపటోమియా, ఈజిప్టు, గ్రీసు, చైనా, రోముతో పాటు మన దేశమూ వస్తుంది. సింధు లోయ, బౌద్ధం, అశోకుడు. ఏడులో మధ్యయుగాలు, ఎనిమిదిలో అమెరికా చరిత్ర. భారతదేశం పాఠం వచ్చినప్పుడు మీవాడికి అమరావతి స్తూపం గురించి చెప్పు. ఆ శిల్పాల్లో చాలావాటిని చెన్నై మ్యూజియంలోనూ, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలోనూ పెట్టారని చెప్తే వాడికే సవాలక్ష ప్రశ్నలు వస్తాయి. ప్రాజెక్టు మాత్రం వాడే చేయాలి, అట్ట వంకరగా ఉన్నా సరే.

సైన్స్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ ఒకే అలవాటు నేర్పుతారు. ఏదైనా అన్నావంటే దానికి ఆధారం చూపించాలి, ఆ ఆధారం నీ మాటను ఎలా నిలబెడుతుందో చెప్పాలి. చల్లటి గ్లాసు బయట నీటి చుక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో పుస్తకంలో వాక్యం అప్పజెప్పితే చాలదు. మన పిల్లలకు మొదట్లో ఇది కష్టం, ఎందుకంటే ఉన్నదున్నట్టు రాస్తే మెచ్చుకునే చోటు నుంచి వచ్చారు. ఇంటర్నెట్‌లో చూసి అలాగే దించితే ఇక్కడ అది పెద్ద తప్పు. స్కూలు మొదలవకముందే వాడికి విడమరిచి చెప్పు, తెలియక చేసి బోనెక్కినట్టు నిలబడకూడదు.

ఇంకో మాట. టీచర్ మాట్లాడుతుంటే తల దించుకుని నిశ్శబ్దంగా ఉండటం మర్యాద అని మనం నేర్పాం. ఇక్కడ దాన్ని అర్థం కాలేదనో, ఇష్టం లేదనో అనుకుంటారు. అడ్వైజరీలో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ మాట్లాడమంటారు. మొదటి రెండు వారాలు "పాస్" అన్నా ఫర్వాలేదు, మూడో వారానికి ఒక్క వాక్యమైనా చెప్పమను. పేరు తప్పుగా పలికితే నవ్వి ఊరుకోవద్దను. "ఇలా పలకాలి మిస్" అని మొదటిరోజే చెప్తే అందరికీ అలవాటవుతుంది, డిసెంబర్‌లో చెప్పడానికి వాడికే మొహమాటం వేస్తుంది.

ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, గ్రూప్ చాట్‌లో ఎవరిని తీసేశారు, ఎవరి ఫోటో ఎవరు పంపారు, ఇవన్నీ కూడా ఆ గదిలోకే వస్తాయి. నీకు చిన్న విషయాల్లా ఉంటాయి, పదకొండేళ్లవాడికి వాటితో రాత్రుళ్లు నిద్ర పట్టదు. బడి సమయంలో ఫోన్ల మీద నియమాలు పెట్టాలని ఈ రాష్ట్రంలో 2024లో చట్టం చేశారు, అది మంచిదే. బడి అయ్యాక సంగతి మాత్రం మీ ఇద్దరూ చూసుకోవాలి. రాత్రి ఫోన్ వాడి గదిలో ఉండకూడదు.

మిడిల్ స్కూల్లో ఒకసారి శరీరం గురించి, ఎదుగుదల గురించి, లైంగిక ఆరోగ్యం గురించి పాఠాలు చెప్తారు. 2016 నుంచి ఇక్కడ చట్టమే ఉంది. ముందుగా నీకు కబురు వస్తుంది, వద్దనుకుంటే రాసిచ్చే హక్కు కూడా ఉంది. రాసివ్వకు తల్లీ. మనం ఇంట్లో నోరు తెరవం, వాడు ఎక్కడో ఒకచోట వింటాడు. తెలిసిన టీచర్ నోటి నుంచి వినడం నయం. పుస్తకం ముందే అడిగి చూడొచ్చు, చూసి వాడితో నువ్వే ఒకసారి మాట్లాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. మా పెద్దాడు మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడు ఏది మర్చిపోయినా నేనే పరుగెత్తేదాన్ని. ప్రాజెక్టు మర్చిపోతే కారేసుకుని ఆఫీసులో ఇచ్చొచ్చేదాన్ని, టీచరుతో పేచీ వస్తే నేనే ఈమెయిల్ రాసేదాన్ని. అందరి పిల్లలకీ నేర్పుతూ నా పిల్లవాడికి మాత్రం గోరుముద్దలు పెట్టాను. తొమ్మిదిలోకి వెళ్లాక ఒక పరీక్షకు జ్వరంతో వెళ్లలేకపోయాడు, మళ్లీ రాయనివ్వమని టీచర్‌ని అడగడం చేతకాక మూడు వారాలు నాకు కూడా చెప్పకుండా కూర్చున్నాడు. ఆ మూడు వారాలు వాడు అన్నం సరిగ్గా తినలేదు, నేను జ్వరం నీరసమనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె పట్టేస్తుంది.

అందుకని మొదటి నెలలోనే వాడి చేత ఒక ఈమెయిల్ రాయించు. నాలుగు వాక్యాలు చాలు. నేను ఫలానా, మీ మూడో పీరియడ్‌లో ఉన్నాను. ఫలానా లెక్క అర్థం కాలేదు. లంచ్‌లో రావచ్చా? థాంక్యూ. నువ్వు పక్కన కూర్చో, కీబోర్డ్ మీద చెయ్యి వేయకు. స్పెల్లింగ్ తప్పు ఉన్నా పోనీ.

సాయంత్రం "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అంటే "ఏమీ లేదు" అంటాడు, అందరూ అంతే. "అడ్వైజరీలో ఎవరి పక్కన కూర్చున్నావు?" అని అడుగు, అదీ కారులో, ఇద్దరూ రోడ్డువైపు చూస్తున్నప్పుడు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు అక్కడ వస్తాయి.

శరదృతువులో పేరెంట్ కాన్ఫరెన్స్ పెడతారు. ఇద్దరూ వెళ్లండి, వాణ్ణీ తీసుకెళ్లండి. చాలా బళ్లలో పిల్లవాడే తన పని చూపించి మాట్లాడతాడు, మధ్యలో అందుకోకండి. గ్రేడ్లు పోర్టల్‌లో ఎలాగూ ఉన్నాయి, ఆ పది నిమిషాలు వాటికి ఖర్చు చేయొద్దు. అడ్వైజర్‌ని రెండే అడుగు: వీడు లంచ్‌లో ఎవరితో కూర్చుంటున్నాడు? కష్టం వస్తే ఎవరి దగ్గరికి వెళ్తున్నాడు? ఆవిడ ఆలోచించకుండా జవాబు చెప్పిందంటే మీవాణ్ణి చూస్తోందని అర్థం. తడుముకుంటే కోపం తెచ్చుకోకు, నెల తర్వాత మళ్లీ ఈమెయిల్ పెట్టు.

ఫోల్డర్ ఈ వారాంతంలోనే కొను, రెండు జేబులది, గట్టి ప్లాస్టిక్‌ది. కాగితం అట్టది అక్టోబర్ దాకా కూడా ఆగదు. లాకర్ ఇస్తే ఆ నంబర్ల తాళం లాంటిదే ఒకటి కొని ఇంట్లో ఇరవైసార్లు తీయించు, మొదటిరోజు ఏడ్చే పిల్లల్లో సగం మంది ఆ తాళం దగ్గరే ఏడుస్తారు. శనివారం నేను వస్తున్నాను, గోంగూర పచ్చడి తెస్తాను. పాల సీసాల లెక్క వాడితో నేను వచ్చాకే చేయించు, నాకూ చూడాలని ఉంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ