కరపత్రం రాసే ముందు కుళాయి దగ్గరకు వెళ్లండి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు ముప్పై ఆరేళ్లు. ఇంటి దగ్గర బ్లౌజులు కుడతాను, డ్వాక్రా సంఘానికి లీడర్‌ని. మాది ప్రకాశం జిల్లాలో ఒక మున్సిపాలిటీ. ఈసారి మా వార్డు మహిళలకు రిజర్వు అవుతుందని అనుకుంటున్నారు. వార్డులో పెద్దలు ఇంటికొచ్చి, "నువ్వు నిలబడు చాలు, తిరిగే పనులన్నీ మీ ఆయన చూసుకుంటాడు" అన్నారు. మా ఆయనా సరేనన్నారు. నాకు మాత్రం గెలిస్తే నేనే పని చేయాలని ఉంది. కరపత్రం కోసం పద్నాలుగు హామీలు రాశాను. రోడ్లు, పెన్షన్లు, ఇళ్ల స్థలాలు, పార్కు, సీసీ కెమెరాలు, కుక్కల బెడద, ఇంకా చాలా. చదువుకుంటే నాకే టెన్షన్‌గా ఉంది. వీటిలో కౌన్సిలర్ చేయగలిగినవి ఏవి? ముందు దేన్ని పట్టుకోవాలి? నాకు ముగ్గురు పిల్లలు, అసలు పోటీకి అర్హత ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, చివరి సందేహం ముందు తీర్చేస్తాను. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024 నవంబరులో చట్టాలు సవరించి తీసేసింది. పిల్లల సంఖ్య మీకు అడ్డు కాదు. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు మాత్రం లేకుండా చూసుకోండి, రసీదులు దగ్గర పెట్టుకోండి.

ఇక మీ పద్నాలుగు హామీలు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన పనులను 18 అంశాలుగా చూపించింది. నీళ్లు, పారిశుధ్యం, రోడ్లు, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు అన్నీ అందులో ఉన్నాయి. పెన్షన్, రేషన్ కార్డు మంజూరు చేసేది రాష్ట్ర ప్రభుత్వం. దరఖాస్తు పెట్టించగలరు, వార్డు సచివాలయానికి తోడు వెళ్లగలరు. "ఇప్పిస్తాను" అని మాత్రం అచ్చు వేయించకండి. రేపు ఒక ముసలమ్మ ఆ కాగితం పట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడితే ఏం చెబుతారు? కుక్కల విషయంలోనూ అంతే. ఊరి బయట వదిలేస్తామని రాయకండి. మున్సిపాలిటీ చేయించాల్సింది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా. ఆ రెండూ అడిగి చేయించండి.

ముందు పట్టుకోవాల్సింది నీళ్లనే. నేను గుంటూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీలో ఐదేళ్లు కౌన్సిలర్‌గా చేశాను. మొదటి వానాకాలంలోనే మా వార్డు చివరి వీధిలో పిల్లలకు వరసగా వాంతులు, విరేచనాలు. కాలువ వాసన వస్తోందని ఆడవాళ్లు చెబుతూనే ఉన్నారు. ఒకరోజు తెల్లవారుజామున ఐదున్నరకు, నీళ్లు వదిలే వేళకి, టార్చిలైటు తీసుకుని వెళ్లాను. చివరి ఇళ్లకు ప్రెషర్ రాదు. అందుకని కుళాయి తలకాయ తీసేసి, పైపు పక్కన మోకాలి లోతు గుంత తవ్వి, అందులో బిందె పెట్టి పట్టుకుంటున్నారు. ఆ గుంతకు జానెడు దూరంలో సైడు కాలువ. ఇంటి కనెక్షన్ ఇనుప పైపు ఆ కాలువ మురుగులోంచే దాటుతోంది. టార్చి వేసి చూస్తే పైపు మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. ఒక చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తాడుతో కట్టారు. నీళ్లు వదిలినంతసేపూ ఆ కట్టులోంచి బయటికి చిమ్ముతాయి. ఆపేశాక పైపు ఖాళీ అవుతూ, అదే చిల్లులోంచి మురుగును లోపలికి లాక్కుంటుంది. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. ఎవరైనా మోటారు బిగించారంటే ఇంకా గట్టిగా లాగుతుంది.

ఇది మా ఒక్క వీధి సంగతి కాదు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో తాగునీరు కలుషితమై, అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అవి కుళాయి నీళ్లు తాగినందుకు పోయిన ప్రాణాలు. నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మీరు పోటీకి దిగే ముందే, మూడు రోజులు తెల్లవారుజామున వార్డంతా తిరగండి. నీళ్లు ఏ ట్యాంకు నుంచి వస్తున్నాయి, వాల్వు తిప్పే మనిషి ఎవరు, చివరి ఇంటికి ఎన్ని నిమిషాలు వస్తున్నాయి, పైపు ఎక్కడెక్కడ కాలువ దాటుతోంది, నోటు పుస్తకంలో రాసుకోండి. చివరి ఇంటి నీళ్లలో క్లోరిన్ పరీక్ష చేయించండి. చిన్న గొట్టంలో నీళ్లు తీసుకుని మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. రంగు తిరగలేదంటే ఆ నీటిలో క్లోరిన్ మిగల్లేదన్నమాట. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది ప్రమాణం. ట్యాంకు దగ్గర పరీక్ష బాగానే వస్తుంది. చూడాల్సింది చివరి కుళాయి దగ్గర.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు 15వ ఆర్థిక సంఘం (కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే సంఘం) 2021-26 కాలానికి సూచించిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం వంటి పనులకే ఖర్చు పెట్టాలన్న షరతు ఉండేది. ఇప్పుడు మీ మున్సిపాలిటీకి ఏ పద్దులో ఎంత వస్తోంది, ఏ వార్డుకు ఎంత పెట్టారు అన్నది కాగితం మీద అడిగి తీసుకోండి. మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారితో కలిసి వీధి నడవండి. ఎస్టిమేట్ వేయించండి. అది కౌన్సిల్ ఎజెండాలోకి ఎక్కేదాకా వదలకండి.

ఎజెండా అంటే నా తప్పు ఒకటి చెప్పాలి. నేను వెళ్లిన మొదటి సమావేశంలో ఒక్కో అంశం చదవడం, "ఆమోదించడమైనది" అని రాసుకోవడం, అంతా నిమిషాల మీద అయిపోయింది. నేనూ చెయ్యెత్తాను. అందులో మా వార్డుకు సీసీ రోడ్డు ఉందని సంబరపడ్డాను. రోడ్డు పడింది. మూడు నెలలకు కింద పైపు పగిలితే కొత్త రోడ్డునే పగలగొట్టారు. ముందు పైపు మార్చండి, తర్వాత రోడ్డు వేయండి అని ఆ రోజు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఎజెండా ముందు రోజు రాత్రే చదివి, అర్థం కాని అంశం పక్కన టిక్కు పెట్టుకుని, ఉదయాన్నే ఫైలు అడగడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను. రోడ్డు అడిగే ప్రతి వీధిలో పైపు ఎన్నేళ్ల నాటిదో మీరు ముందు కనుక్కోండి.

నీళ్ల తర్వాత కాలువలు. పూడిక తీసి గట్టున కుప్ప పెడతారు. ఒక వాన పడితే మళ్లీ కాలువలోకే. తీసిన పూడిక ఎప్పుడు ఎత్తుతారో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి. పారిశుధ్య కార్మికులకు హాజరు వేసే మస్టర్ దగ్గరకు వెళ్లి చేతి తొడుగులు, బూట్లు అందాయో లేదో కళ్లతో చూడండి.

మీ ఆయన సంగతి. ఆయన సాయం తీసుకోండి, తప్పేం లేదు. కానీ కౌన్సిల్ హాల్లో ఆ కుర్చీ మీది. ఆడవాళ్లకు కనీసం మూడో వంతు సీట్లు రాజ్యాంగమే ఇచ్చింది, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దాన్ని సగం చేశారు. అన్ని సీట్లు వచ్చాక కూడా మాట్లాడేది భర్తలే అయితే, బిందె మోసే మనిషి బాధ ఆ హాల్లోకి చేరదు. కరపత్రం మీద మీ ఫోన్ నంబరే వేయించండి. ఫోన్ మీరే ఎత్తండి. డ్వాక్రా లెక్కల పుస్తకం రాసే చేతికి మున్సిపల్ బడ్జెట్ చదవడం కొత్త కాదు, కాస్త పెద్ద పుస్తకం, అంతే.

పద్నాలుగులో మూడు ఉంచండి: చివరి ఇంటికి మంచి నీళ్లు, పారే కాలువ, వెలిగే వీధి దీపం. వాటి కింద వీధుల పేర్లు రాయండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. ఓట్లు అడగడానికి వచ్చే అభ్యర్థులను ఏం అడిగితే వాళ్ల సత్తా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్ (ఆస్తులు, కేసుల ప్రమాణపత్రం) మీరే చూసుకోవచ్చు, దానికి ఆ అభ్యర్థిని అడగక్కర్లేదు. గుమ్మం దగ్గరకు వచ్చినప్పుడు, "మన వీధికి నీళ్లు ఏ ట్యాంకు నుంచి వస్తాయి?" అని అడగండి. తెలియకపోతే తప్పు పట్టకండి. కనుక్కుని మళ్లీ వస్తారేమో చూడండి.